ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు

బసవేశ్వరుడు ప్రబోధించిన మార్గము సంఘమార్గము. గురు లింగ జంగములలో జంగమమునకు పెద్దపీట వేసిన మతమిది. పదిమందికి పెట్టక తాను మాత్రమే తినిన అన్నము ప్రసాదము కాజాలదని శరణుల నిశ్చయము. శరణుడు శరణుని కాంచినంతనే ‘శరణు శరణార్థి’ యని చేతులు జోడించును. 12వ శతాబ్దమున కల్యాణపురమునందు అనుభవమంటపము వెలసినది కూడ పదిమంది కలసి కూర్చుండి, ఒకరి అనుభవమును మరియొకరు విని, ప్రశ్నించి, సరిదిద్దుకొనుట కొరకే. కుమ్మరి, చాకలి, నావికుడు, మంత్రి, రాణి ఒకే చోట కూర్చుండిరి.

ఇట్టి మతమునందు ఏకాంతమునకు తావెక్కడిది? జంగమార్చన, దాసోహము, కాయకము, ఇంటికి వచ్చిన వారి ఆదరణము - వీనినన్నింటిని పక్కన బెట్టి, తలుపు మూసికొని తనతో తాను కూర్చుండువాడు భక్తుడా, స్వార్థపరుడా? తన కొరకు తాను కొంత సమయము కోరుట సంఘమునకు చేయు ద్రోహమా? ఈ ప్రశ్న జిజ్ఞాసువులకు తోచుట సహజము. ఇది పండితుల వాదమునకు మాత్రమే చెందిన విషయము కాదు. నేడు ఇంటింట నెలకొన్న ఒక బాధతో దీనికి సన్నిహిత సంబంధము కలదు.

పొద్దు పోనివారు, పొద్దు చాలనివారు

ఉదాహరణమునకు ఒక గ్రామమున ఎదురెదురుగా నున్న రెండు ఇండ్లను ఊహింపవచ్చును. ఒక ఇంటిలో ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులు ఒక్కరే నివసించుచున్నారు. ఒకప్పుడు ఆ ఇంటిలో పూటకు ఇరువది విస్తళ్లు లేచెడివి. భార్య లింగైక్యము చెంది రెండేండ్లయినది. కుమారుడు హైదరాబాదులో, కుమార్తె విదేశములో స్థిరపడిరి. పంతులుగారు లింగపూజ చేయని దినము లేదు. తెల్లవారగనే స్నానము చేసి, విభూతి ధరించి, లింగకాయ విప్పి పూజ ముగింతురు. అయితే ఆ పూజ సాగుచున్నంత సేపు పక్క గదిలో టెలివిజను మాటలాడుచునే యుండును. అది ఆగినచో ఇల్లు మ్రింగివేయునట్లు తోచునని వారి భయము. సాయంకాలము అరుగుమీద కూర్చుండి వచ్చిపోవువారిని పిలిచి మాటలాడుదురు. పిలువదగిన వారెవ్వరును కనబడనప్పుడు, ‘ఏమిటో, పొద్దు పోవుట లేదు’ అని నిట్టూర్తురు.

ఎదురింటిలో ఒక కోడలు కలదు. కోడి కూయక ముందు లేచి, వాకిలి చిమ్మి, అత్తమామలకు, భర్తకు, పిల్లలకు కావలసినవి అమర్చి, పొలమునకు అన్నము పంపి, రాత్రి పొయ్యి అలికి పండుకొను వరకు ఆమెకు క్షణము తీరిక లేదు. మెడలో లింగము కలదు గాని దానిని అరచేత నిలిపి చూచుటకు వ్యవధి లేదు. పెండ్లియైన నాటినుండి ఒంటిగా ఒక గడియ కూర్చుండిన జ్ఞాపకము ఆమెకు లేదు. ‘పొద్దు చాలుట లేదు’ అనునది ఆమె మాట.

ఆ ఇంటి పిల్లవాడొకడు పట్టణమున వసతిగృహములో ఉండి చదువుకొనుచున్నాడు. గదిలో నలుగురు స్నేహితులు, చేతిలో సెల్‌ఫోను. నిదుర వచ్చువరకు దానిని చూచును. లేచినంతనే దానిని చూచును. లింగము నిలువవలసిన అరచేయి దానికే అంకితమైనది. వానిని ఒంటరివాడని ఎవ్వరును అనరు. అయినను పరీక్షలో తప్పిన దినమున, ఫోను మూతబడిన రాత్రి, తన మనస్సుతో తాను ఏమి చేయవలయునో వానికి తెలియదు.

ఒకరికి పొద్దు పోదు, ఒకరికి పొద్దు చాలదు, ఒకరికి పొద్దు తెలియదు. పైకి మూడును వేర్వేరు బాధలు. లోపల చూచినచో మూడింటికిని మూలమొక్కటియే. ముగ్గురిలో ఏ ఒక్కరును తమతో తాము కూర్చుండి యెరుగరు. పంతులుగారికి సమయమున్నది గాని ఆ సమయమున ఎదురగు తన్ను చూచి భయపడుచున్నారు. కోడలికి తన్ను కలిసికొను అవకాశమే లేదు. విద్యార్థి తనకు తాను ఎదురుపడక తప్పించుకొనుచున్నాడు.

ఒంటరితనము ఒక లోటు. ఎవరో రావలెను, వచ్చుట లేదు అను భావమే దాని స్వరూపము. అది జనసమూహము నడుమ కూడ కలుగును. ఏకాంతమున్నచో, ఒకే అంతము, అనగా ఒకే గమ్యము గల స్థితి. అక్కడ మనస్సు పలుదిక్కులకు పరుగిడక ఒక్కచోట నిలుచును. ఒంటరివానికి ఎవ్వరును లేరు. ఏకాంతవాసికి తాను కలడు, తనయందు శివుడు కలడు. గది ఒక్కటే, నిశ్శబ్దమొక్కటే. అందు కూర్చుండువాని స్థితిని బట్టి అది చెరసాల యగును, లేదా పూజాగృహమగును.

అరచేతి గుడి

వీరశైవము ఈ విషయమున ఒక అపూర్వమైన ఏర్పాటు చేసినది. గుడికి పోయినచో అక్కడ జనము, గంట, అర్చకుడు, వరుస. ఇష్టలింగమునకు ఇవేవియును అక్కరలేదు. గురువు దీక్షాకాలమున శిష్యుని తలపై హస్తముంచి, చెవిలో మంత్రము చెప్పి, అరచేత లింగమునుంచును. అటుపిమ్మట గురువు కూడ ఆ పూజను శిష్యునికి మారుగా చేయడు. తన ఆకలికి తానే అన్నము తినవలెను గాని బంధువు తినినచో తీరదు గదా! లింగపూజయును అట్టిదేయని, దానిని ఇతరులచే చేయించుట తగదని బసవేశ్వరుని బోధ. అర్చకుని మధ్యవర్తిత్వమును నిరాకరించిన ఈ బోధ సంఘమున సమానత్వమునకు దారితీసినది. దానితోపాటు మరియొక పని కూడ చేసినది. ప్రతి మనుష్యుని, స్త్రీయైనను పురుషుడైనను, ధనికుడైనను కూలివాడైనను, దినమునకు ఒక్క మారైనను తనతో తాను కూర్చుండక తప్పని స్థితిలో నిలిపినది.

ఎడమ అరచేత లింగము నిలిపి, దృష్టి దానిపై నుంచి కూర్చుండునప్పుడు ఆ అరచేతికిని కంటికిని నడుమ మరియొకరికి చోటు లేదు. ఆ కొలది దూరమే ఏకాంతము. దానికొరకు అడవికి పోనక్కరలేదు, ఇల్లు విడువనక్కరలేదు.

శరణులు ఇష్టలింగము, ప్రాణలింగము, భావలింగము అని మూడు మెట్లు చెప్పిరి. కంటికి కనబడు లింగము మొదటిది. చూచి చూచి ప్రాణమునందు నెలకొన్నది రెండవది. భావమునందు వేరుగా తోచక కలసిపోయినది మూడవది. ఆయతము, స్వాయతము, సన్నిహితము అను మాటలును ఈ క్రమమునే తెలుపును. లింగము ఒంటిమీదికి వచ్చుట ఆయతము, తనదగుట స్వాయతము, ఎడబాటు లేక లోన నిలుచుట సన్నిహితము. మెడలో లింగమున్న వారందరును మొదటి మెట్టు ఎక్కినవారే. తరువాతి మెట్లకు దారి ఏకాంతము గుండా పోవుచున్నది. పంతులుగారు ఏబదియేండ్లు పూజ చేసినను మొదటి మెట్టుననే నిలిచిపోవుటకు కారణము భక్తిలోపము కాదు. పూజలో తాము లేకపోవుటయే కారణము. చేతులు పూజించినవి, పెదవులు మంత్రమును పలికినవి, మనస్సు మాత్రము పక్కగదిలోని టెలివిజను వార్తలను విన్నది.

అయితే నిశ్శబ్దమున కూర్చుండిన తోడనే ఆనందము లభించునని ఎవ్వరును ఆశింపరాదు. మొదట లభించునది కలవరము. ఎన్నడో ఎవరో అనిన మాట, తాను ఇతరులకు చేసిన అన్యాయము, తీర్చని బాకీ, చెప్పక దాచిన అసూయ, పోయినవారి ముఖము - ఇవన్నియు ఒక్కమారుగా పైకి వచ్చును. చాలకాలము ఊడ్వని గది తలుపు తెరచినచో ముందు ధూళి లేచును. ధూళి లేచినదని తలుపు మూసినచో గది ఎన్నటికిని శుభ్రపడదు. ఏకాంతము నచ్చుట లేదని చెప్పువారిలో చాలమందికి నచ్చనిది ఏకాంతము కాదు. అందు ఎదురైన తామే తమకు నచ్చుట లేదు. అట్టివారు ఎదురైన దానిని కప్పిపుచ్చక, తమ్ము తాము తిట్టుకొనక, లింగము ఎదుట దానిని ఉన్నదున్నట్లు ఒప్పుకొనవలెను. ‘ఇది నా కోపము, ఇది నా భయము, ఇది నా తప్పు’ అని తనతో తాను నిజము చెప్పుకొనుటయే తనతో మైత్రికి ఆరంభము. అబద్ధమాడు స్నేహితునితో చెలిమి నిలువదు. తనతో తాను అబద్ధమాడువానికి తనతో చెలిమి ఎట్లు నిలుచును?

శరణుల చరిత్ర చెప్పునది

బసవేశ్వరుని జీవితమును కల్యాణపురపు మంత్రిత్వముతో, మహామనెతో ఆరంభించి చెప్పుట పరిపాటి. దానికి ముందు ఆయన కృష్ణా మలప్రభల సంగమమైన కూడలసంగమమున గడపిన కాలము కలదు. కల్యాణమున వేలమందికి తలుపులు తెరచిన ఆ హృదయము ఆ నదీతీరమున సిద్ధమైనది. 1167 ప్రాంతమున కల్యాణపు విప్లవము రక్తసిక్తమైన పిదప ఆయన తిరిగి చేరినదియు ఆ సంగమమునకే. ఆయన వచనముల అంకితమున నిలిచినది రాజధాని పేరు కాదు, సంగమదేవుని పేరు. రద్దీలో బ్రదికిన ఆయన తన చిరునామాను ఏకాంతస్థలమున ఉంచుకొనెను.

అక్కమహాదేవి చరిత్ర మరింత సూక్ష్మమైనది. ఉడుతడి గ్రామమున పుట్టి, కౌశికుని అంతఃపురమును త్యజించి, కట్టుబట్టలను సైతము విడిచి ఆమె ఒంటిగా బయలుదేరెను. అప్పటి స్త్రీకి అంతకంటె ఒంటరి ప్రయాణము లేదు. అయినను ఆమె నేరుగా శ్రీశైలపు అడవికి పోలేదు. మొదట కల్యాణమునకు వచ్చెను. అనుభవమంటపమున అల్లమప్రభువు ఆమెను ప్రశ్నలతో నిలదీసెను. ఆమె భర్త ఎవ్వరనియు, దేహాభిమానము నిజముగా వీడినదాయనియు పరీక్షించెను. ఆమె వెనుకాడక సమాధానము చెప్పెను. శరణులందరు ఆమెను అక్కయని అంగీకరించిన పిదపనే ఆమె చెన్నమల్లికార్జునుని వెదకుచు శ్రీశైలమునకు, కదళీవనమునకు సాగెను.

ఈ క్రమమునందు ఒక ధర్మము దాగియున్నది. ఆమె జనముపై అలిగి అడవికి పోలేదు. సంఘమున తన్ను పరీక్షకు నిలిపికొని, వారి ఆశీర్వాదముతో ఏకాంతమునకు పోయినది. ఎవరిమీదనో కోపముతో తలుపు మూసికొనువాడు ఆ ఎవరినో తనతోపాటు గదిలోనికి తీసికొనిపోవును. వానికి ఏకాంతము దక్కదు. నేటికిని శ్రీశైలమున పాతాళగంగ నుండి పడవలో కృష్ణమీదుగా పోయి అక్కమహాదేవి గుహలను దర్శించు యాత్రికులు కలరు. ఏటేట ఉగాదికి కన్నడదేశమునుండి నల్లమల అడవులగుండా కాలినడకన మల్లన్న సన్నిధికి వచ్చు భక్తులు వేలాదిగా కలరు. ఇరుకైన ఆ గుహలోని చీకటిలో ఒక్క నిమిషము నిలిచినచో ఆమె ఎంచుకొనిన ఏకాంతము ఎంత కఠినమైనదో తెలియును. అందు ఆమె ఒంటరిగా నుండినదని మాత్రము ఏ భక్తునికిని తోచదు.

శూన్యసంపాదనమున ముక్తాయక్క వృత్తాంతము కలదు. ఆమె సోదరుడైన అజగణ్ణ తన భక్తిని ఎవ్వరికిని తెలియనీయక గుప్తముగా సాధన చేసినవాడు. ఆయన లింగైక్యమునొందగా ముక్తాయక్క శోకమున మునిగిపోయెను. సోదరుడే ఆమెకు గురువు, తోడు, సర్వస్వము. అప్పుడు వచ్చిన అల్లమప్రభువు ఆమె దుఃఖమును తేలిక చేసి మాటలాడలేదు, మరచిపొమ్మని చెప్పలేదు. ఆమెతో సుదీర్ఘముగా సంభాషించి, పోయినవానిని వెలుపల వెదకుచున్న ఆమె చూపును లోనికి మరల్చెను. తరువాత ఆమె తన వచనములకు సోదరుని పేరునే అంకితముగా నిలుపుకొనెను. పోయిన వారు విడిచిన ఖాళీని శబ్దముతో నింపిన నిండదు. ఆ ఖాళీలో కూర్చుండుటకు ధైర్యము చేసినవానికి అదియే గర్భగుడి యగును. భార్యను, భర్తను, బిడ్డను కోల్పోయిన ప్రతి గృహమునకును ఈ వృత్తాంతము ఓదార్పు.

అజగణ్ణ వలెనే మరుళశంకరదేవుడును గుప్తభక్తుడు. బసవేశ్వరుని మహామనెలో, నిత్యము వేలమంది వచ్చి ప్రసాదము స్వీకరించు ఆ సందడి నడుమ, ఎవ్వరికిని తెలియక పండ్రెండేండ్లు సాధనలో నుండెననియు, అల్లమప్రభువు వచ్చి చూపువరకు బసవేశ్వరుడు సైతము గుర్తింపలేదనియు కథ. ఏకాంతమునకు కదళీవనము తప్పనిసరి కాదని, జనసందోహము నడుమ కూడ దానిని నిలుపుకొనవచ్చునని ఈ కథ బోధించుచున్నది. పొద్దు చాలని కోడలికి అక్కమహాదేవి మార్గముకంటె మరుళశంకరుని మార్గము దగ్గర.

చెరువు త్రవ్వినవానికి వేసిన ప్రశ్న

ఇక సొన్నలిగె సిద్ధరాముని సంగతి. సొన్నలిగె యనగా నేటి సోలాపురము. సిద్ధరాముడు చెరువులు త్రవ్వించి, గుళ్లు కట్టించి, లోకోపకారమే శివపూజయని నమ్మిన కర్మయోగి. నేటికిని సోలాపురమున చెరువు నడుమ సిద్ధేశ్వరాలయము వెలుగొందుచున్నది. అల్లమప్రభువు అక్కడికి వచ్చి, చెరువు పనివారి ఎదుట సిద్ధరాముని తక్కువ చేసి మాటలాడగా వారు ఆగ్రహించి రాళ్లు రువ్విరని శూన్యసంపాదనము చెప్పుచున్నది. పిదప ఇరువురికి వాదము జరిగెను. చివరకు సిద్ధరాముడు అల్లమునితో కల్యాణమునకు వచ్చి చెన్నబసవణ్ణచే ఇష్టలింగ దీక్ష గైకొనెను.

అల్లముడు చెరువు త్రవ్వుట తప్పని చెప్పినాడా? అట్లనుకొనుట పొరపాటు. ప్రజలకు నీరిచ్చు చెరువును శరణుడెవ్వడును నిందింపడు. త్రవ్వువాడు తన లోపలి నేలను ఎన్నడైన త్రవ్వెనా అనునదే అక్కడి ప్రశ్న. వెలుపలి పని ఎంత గొప్పదైనను, తన్ను తాను చూచుకొనకుండుటకు అది ఒక సాకు కావచ్చును. సంఘసేవకులు, మఠముల నిర్వాహకులు, ఉత్సవముల పెద్దలు ఈ కథను తరచు స్మరింపవలెను. నిత్యము జనము నడుమ నుండువానికి పొగడ్త ఆహారమగును. పొగడ్త దొరకని దినమున వాడు ఆకలితో అలమటించును. దాసోహమను మాటకు ‘దాసుడను నేను’ అని అర్థము. ఆ ‘నేను’ ఎవ్వడో యెరుగనివాని దాసోహమున అహంకారము దాగి కూర్చుండును. ఏకాంతమున తన్ను చూచుకొనినవాడే సంఘమున తన్ను మరువగలడు. కావున ఏకాంతము సంఘమునకు శత్రువు కాదు, సేవను శుద్ధి చేయు వడపోత.

ఏకాంతమునకును హద్దు కలదు

ఇంతవరకు చెప్పిన దానిని ఒకవైపే గ్రహించుట ప్రమాదము. ఆయదక్కి మారయ్య అనుభవగోష్ఠిలో మైమరచియుండగా, కాయకమునకు వేళ మించుచున్నదని భార్యయైన లక్కమ్మ హెచ్చరించిన కథ ప్రసిద్ధము. జ్ఞానచర్చయే కాయకమునకు అడ్డుపడరాదని చెప్పిన ఆ యిల్లాలు, ధ్యానము పేరిట సోమరితనమును సహించునా? నులియ చందయ్య నారత్రాళ్లు పేనుకొనుచు జీవించిన శరణుడు. గడ్డి కోయుచుండగా లింగము నీటిలో జారిపడినను ఆయన కాయకమును ఆపలేదని కథ. పనిలోను పూజలోను ఒకే మనస్సు నిలిపిన వారికి ఆ రెండింటి నడుమ గోడ లేదు. మగ్గము ముందు కూర్చుండినవాడు, నాగలి వెంట నడచువాడు, విసురురాయి త్రిప్పునది తమ పనిలోనే ఏకాంతమును పొందగలరు. ఏకాంతము కాయకమునకు సెలవు దినము కారాదు.

మరియొక హద్దు ఇంతకంటె ముఖ్యము. ఏకాంతము తాను కోరుకొనునది. ఇతరులు తన నెత్తిన వేసినది ఏకాంతము కాదు, పరిత్యాగము. వృద్ధులైన తలిదండ్రులను పలుకరింపక, ‘వారు శివధ్యానములో నుందురులే’ అని తమ్ము తాము సమాధానపరచుకొను సంతానము ఈ ధర్మమును దుర్వినియోగము చేయుచున్నది. ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ చెప్పుట ఎట్టిదో, పలుకరించు దిక్కులేనివానికి ఏకాంతమహిమ చెప్పుట అట్టిది. ముందు అన్నము పెట్టవలెను, ముందు పలుకరింపవలెను. తరువాతనే బోధ. జంగముడు ఇంటింటికి తిరుగుటలో గల అర్థమొకటి ఇదియే. జంగమమనగా కదలునది. ఏ యింటి తలుపును మూతబడి మరువబడకుండ చూచుట ఆ కదలికయొక్క ధర్మము. మఠములు తమ పరిధిలోని ఒంటరి వృద్ధుల యిండ్లకు నెలకొక్కమారైనను మనుష్యుని పంపుట గొప్ప జంగమసేవ యగును.

అట్లే నిశ్శబ్దమున కూర్చుండిన కొలది దుఃఖము గాఢమగుచున్నచో, నిద్రాహారములు చెడి బ్రదుకుపై విరక్తి కలుగుచున్నచో, అట్టివారిని మరింత ఏకాంతమునకు పంపరాదు. వారికి కావలసినది తోడు, ఆదరణ, వైద్యుని చికిత్స. దేహమునకు జ్వరము వచ్చుట ఎట్లు పాపము కాదో మనస్సునకు జబ్బు చేయుటయు అట్లే పాపము కాదు.

ఇక ఎదురింటి కోడలి విషయము. ఆమెకు ఏకాంతమును గురించి ఉపన్యసించుటకంటె ముందు దానికి వలసిన అరగంటను ఇల్లు ఆమెకు సమకూర్పవలెను. ఆడువారికి లింగధారణాధికారము నిచ్చి, పురుషునితో సమానముగ పూజకు అర్హత కల్పించిన మతమిది. అధికారమిచ్చి అవకాశమీయకున్నచో ఆ యిచ్చుట పూర్తి కాలేదు. ఉదయము ఆమె పూజ ముగియువరకు పొయ్యి వద్ద అత్తగారో, భర్తయో నిలుచుటలో అవమానము లేదు. ఆచారమును కాపాడుట యనగా అదియే.

గృహస్థునకు సాధ్యమగు పద్ధతి

పెద్ద సంకల్పములు త్వరగా వాడిపోవును. చిన్నదానితో ఆరంభించి విడువకుండుట మేలు. పూజ ముగిసిన వెంటనే లేవక, లింగమును అరచేత నుంచుకొనియే కొంతసేపు మంత్రమును సైతము ఆపి ఊరక కూర్చుండవలెను. మొదట పది నిమిషములు చాలును. ఆ సమయమున టెలివిజను, సెల్‌ఫోను మరియొక గదిలో నుండుట మంచిది. మనస్సు పరుగిడినచో కోపగింపక, పసిబిడ్డను చేయిపట్టి తెచ్చినట్లు మరల లింగముపైకి తేవలెను. పది మారులు పోయినచో పది మారులు తేవలెను. అట్లు తెచ్చుటయే సాధన. అది పోకుండుట ఫలము మాత్రమే.

రాత్రి పండుకొను ముందు ఆ దినమున తాను పలికిన మాటలను, చేసిన పనులను ఒక్కమారు తలచుకొనవలెను. వర్తకుడు దినాంతమున లెక్క చూచుకొనునట్లు చూచుకొనవలెను గాని, న్యాయాధిపతి శిక్ష విధించునట్లు కాదు. తప్పు కనబడినచో మరునాడు ఎవరి వద్దకు పోయి సరిదిద్దుకొనవలెనో నిశ్చయించుకొనినచో ఆ ఏకాంతము సంఘమున ఫలించినట్లే. వారమునకొక్కమారు ఎవ్వరితోను మాటలాడక పొలము గట్టునో, చెరువు కట్టనో ఒంటిగా నడచుట, తనకు తాను చదువుకొనుట, తన చేతులతో ఒక పని నిదానముగా చేయుట - ఇవియు తనతో తాను ఉండుటలో భాగములే. తొలుత విసుగు పుట్టును. విసుగు దాటిన తరువాతనే రుచి తెలియును.

తనతో ఉండ నేర్చినవాని గుర్తు ఏమి? వాడు మౌనముగా నుండుట గుర్తు కాదు. గదినుండి వెలుపలికి వచ్చునప్పుడు వాని మాట మెత్తబడియుండుటయే గుర్తు. జనము వచ్చినచో సంతోషించును, రానిచో కృశింపడు. తనకు లోటు తీర్చు సాధనముగ ఎదుటివానిని చూడడు గావున ఎదుటివానిని ఎదుటివానిగ చూడగలడు. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యములను షట్స్థలములలో ఐక్యము చివరిది. తనలోనే తనకు ఐక్యము లేనివాడు, ఒక మనస్సు ఇటు ఒక మనస్సు అటు లాగుచుండగా, శివునితో ఐక్యమును ఎట్లు పొందును?

మరల ఆ పంతులుగారి యింటికి వత్తము. ఒకనాటి ఉదయము విద్యుత్తు ఆగిపోయి టెలివిజను మూగవోయినదనుకొందము. విధిలేక ఆయన నిశ్శబ్దములోనే పూజకు కూర్చుండిరి. లింగముపై చూపు నిలువగా, రెండేండ్లుగా వెలుపలికి రాని కన్నీరు వచ్చినది. భార్య రోగశయ్యపై నుండగా తాము విసుగుకొనిన ఒక మాట జ్ఞాపకము వచ్చినది. ఆ మాటను లింగము ఎదుట ఒప్పుకొనిరి. చాలసేపు కూర్చుండిరి. అంతలో భిక్షకు వచ్చిన అయ్యవారు వాకిట నిలిచి, “పూజ అయినదా పంతులుగారూ?” అని అడిగిరి. “ఇప్పుడే మొదలైనది స్వామీ, లోనికి దయచేయండి” అని పంతులుగారు బదులిచ్చిరి.

ఏబదియేండ్ల పూజ అట్లు మొదలగుటకు ఆలస్యమేమియు లేదు. లింగము అరచేతికి ఎంత దగ్గరనో, అది మొదలగు గడియయు ప్రతి మనుష్యునికి అంత దగ్గర. ఆ గడియను తమకు తాము ఇచ్చుకొనుట, ఇంటిలోని వారికి ఇచ్చుట, తలుపు మూతబడిన పొరుగింటిని మరువకుండుట - ఈ మూడును కలసినదే బసవమార్గపు ఏకాంతము.

శరణు శరణార్థి.